మూడో పిరియడ్ కోసం ఉరికిన కంప్యూటర్

తెలుసురా నాయనా. ఓవర్‌క్లాక్ చెయ్యడమంటే ఏంటో అమ్మమ్మకి తెలుసు. మొన్న ఫోన్లో నీ కంప్యూటర్ అలా చేస్తే వేడెక్కుతోందని చెప్పి, "నీకేం తెలుస్తుందిలే అమ్మమ్మా" అంటూనే అడిగావు. నేను నోరు తెరిచేలోపు మీ చెల్లి ఫోను లాక్కుని తన కొత్త చెప్పుల సంగతి మొదలుపెట్టింది. కంప్యూటర్‌ని చేసినవాళ్ళు దీని వేగం ఇంత అని ఒకటి పెడతారు. మనం అది చాలదని ఇంకా వేగంగా నడిపిస్తాం. అంతేగా? ఆ పేరు నాకు అప్పుడు తెలియదు. పని మాత్రం మనింట్లోనే జరిగింది. ఎనభైల చివర్లో, నరసరావుపేటలో, మీ అమ్మ ఇంకా బోర్లా పడడం నేర్చుకుంటున్న రోజుల్లో. జరిగింది కూడా మీ అమ్మ పాల కోసమే.

పూణేలో మీకు ఎప్పుడు తీరిక దొరుకుతుందో నాకు తెలియదు గనుక, ఫోన్లో చెప్పకుండా ఇలా రాస్తున్నాను. నిదానంగా చదువుకోండి.

అప్పుడు నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్ని. మీ అమ్మ చలికాలంలో పుట్టింది. కాన్పు సెలవూ, ఎండాకాలం సెలవులూ కలిసొచ్చి కొన్ని నెలలు ఇంట్లోనే ఉన్నాను. జూన్‌లో బడి తెరుస్తారు. అదీ నా బెంగ. మీ అమ్మ సీసాపాలు తాగేది కాదు. సీసా నోటికి పెడితే నాలుకతో బయటికి తోసేసేది. చెంచాతో పడితే బుగ్గన పెట్టుకుని, మనం అటు తిరగ్గానే చొంగతో పాటు వదిలేసేది. పొద్దున పాలిచ్చి బడికెళ్తే మళ్ళీ మధ్యాహ్నం భోజనాల బెల్లు దాకా నాలుగు పిరియడ్లు. అంతసేపు ఆకలికి ఆగే పిల్ల కాదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకునేది.

మా ఇల్లు బడికి దగ్గరే. చర్చి వెనక సందు దాటితే వచ్చేస్తుంది. రెండో పిరియడ్ అయ్యాక చిన్న ఇంటర్వెల్ ఉంటుంది. ఆ వెంటనే వచ్చే మూడో పిరియడ్ నాకు ఖాళీగా ఉంటే చాలు, ఇంటికెళ్ళి పాలిచ్చి, ఒక గ్లాసు మజ్జిగ తాగి తిరిగి రావచ్చు. రోజుకొక ఖాళీ పిరియడ్ టీచర్లందరికీ ఉండేదే. నేను ఎక్కువ అడగలేదు. ఉన్న ఖాళీని ప్రతిరోజూ మూడో పిరియడ్‌కి జరపమన్నాను.

మా హెడ్మిస్ట్రెస్‌ని మేమందరం పెద్ద మేడం అనేవాళ్ళం. టైంటేబుల్ వెయ్యడంలో ఆవిడదొక పద్ధతి. మే నెలాఖర్లో స్టాఫ్ రూములో బల్లలన్నీ ఓ పక్కకి నెట్టించి, నాపరాళ్ళ నేల మీద సుద్దముక్కతో పెద్ద గడులు గీసేది. గాజుల దుకాణంలో విరిగిన గాజుముక్కలు అడిగి తెచ్చుకునేది. టీచరుకో రంగు. ఆకుపచ్చ ముక్కలు నేను, ఎర్రవి సైన్సు టీచరు, నల్లవి హిందీ పండితులు. ఒక్కో ముక్కా గడిలో పెడుతూ, తీస్తూ, మోకాళ్ళ మీద నేలంతా తిరిగేది. ఆ రోజుల్లో ఆ గదిలో ఎవరూ అడుగు పెట్టకూడదు, ఫాను వెయ్యకూడదు. చీర కుచ్చిళ్ళు తగిలి ఒక్క ముక్క కదిలినా మళ్ళీ మొదటికే.

నేను వెళ్ళి గుమ్మంలో నిలబడి అడిగాను. ఆవిడ తల ఎత్తకుండానే అంది.

"నాకు తెలవకనా అమ్మాయ్? పసిపిల్ల తల్లివి. కానీ కుదరదు. హిందీ ఆయనా, డ్రిల్లు మాస్టారూ మగపిల్లల బడి నుంచి పొద్దున పూటే వస్తారు. వాళ్ళని యాడ కూర్చోబెట్టేది? సైన్సు రూము ఒకటే. నీ ముక్క ఒకటి కదిపితే తొమ్మిది కదులుతయ్."

"ఒకసారి చూడండి మేడం."

"చూడలేదనుకుంటున్నావా? నిన్న పొద్దుగూకేదాకా నీ పచ్చ ముక్కలతోనే కుస్తీ పట్టా. మోకాళ్ళు చూడు ఎట్టా అయినయ్యో." చీర కాస్త పైకి లాగి నల్లబడ్డ మోకాళ్ళు చూపించింది కూడా. తర్వాత కొంచెం మెత్తబడింది. "కుదిరేది ఉంటే నువ్వే ఏసుకురా. బడి తెరిచే లోపు తెచ్చావా, అదే గోడకి అంటిస్తా. లేకపోతే సెలవు పొడిగించే వీలు లేదమ్మా. నీ చోట ఇంకొకళ్ళని చూసుకోవాల్సొస్తది."

అది బెదిరింపు కాదు. ఆవిడ ఉన్నమాటే చెప్పింది. ఇంటికొస్తూ దారంతా ఒకటే ఆలోచన. ఉద్యోగమా, పిల్ల పాలా? ఆ ఉద్యోగం కోసం నేను ఎంత చదివానో, పెళ్ళయ్యాక కూడా మానకుండా ఉండడానికి ఎన్ని మాటలు పడ్డానో మీకు ఇంకోసారి చెబుతాను. వదులుకోవడం నా వల్ల కాదు. పిల్లని ఏడిపించడం అంతకన్నా కాదు.

అప్పటికే మనింట్లో ఒక కంప్యూటర్ ఉంది. ఇప్పుడు మీ దగ్గరున్న లాంటిది అనుకునేరు. మీ తాతయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవారు. మద్రాసులో ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు పాతసామాన్ల బజార్లో ఒక బోర్డూ, కొన్ని చిప్పులూ కొని తెచ్చి, చెక్కపెట్టె చేయించి అందులో బిగించారు. బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలిస్తే అక్షరాలు కనిపించేవి. ప్రోగ్రాం దాచుకోవడానికి పాటల టేపురికార్డరే దిక్కు. క్యాసెట్టులో పాటలకి బదులు కీచుమనే చప్పుడు ఉండేది. మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ఏం తోచక, దాంతో పాటు వచ్చిన పుస్తకం చదివి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. లెక్కలు వచ్చినవాళ్ళకి అదేమంత కష్టం కాదు.

ఆ రోజు పెద్ద మేడం దగ్గర్నుంచి తిరిగొచ్చి, ఆవిడ మోకాళ్ళ మీద చేసే పనినే ప్రోగ్రాంగా రాశాను. గడిలో ముక్క పెట్టు. ఎవరికైనా అడ్డమొస్తే తీసి ఇంకోటి పెట్టు. ఏదీ కుదరకపోతే ముందు గడికి వెనక్కి వెళ్ళి అక్కడ మార్చు. మిషనుకి మోకాళ్ళు నొప్పి పుట్టవు, విసుగు రాదు. పాత జవాబు పత్రాల వెనక పెన్సిల్‌తో రాసుకుని, టైపు చేసి, క్యాసెట్టులోకి ఎక్కించి, పొద్దున్నే మొదలుపెట్టాను. కుదిరితే టైంటేబుల్ చూపిస్తుంది. అన్ని దారులూ వెతికినా దొరక్కపోతే 'కుదరదు' అని చూపిస్తుంది. నేను అలాగే రాశాను.

కానీ అది ఏదో ఒకటి చెప్పేదాకా కరెంటు ఉండాలిగా! రోహిణి కార్తె. పొద్దున వచ్చిన కరెంటు పదకొండు కొట్టగానే పోయేది. సాయంత్రం వచ్చినా, అందరూ ఫాన్లు వేసేసరికి వోల్టేజి చాలక టీవీలో బొమ్మ కుంచించుకుపోయేది, స్టెబిలైజరు టకటకమని కొట్టుకునేది. అప్పుడు మిషను వేస్తే తెల్లతెర తప్ప ఏమీ రాదు. అంటే నాకున్నది పొద్దున పూట ఒక్కటే. ప్రోగ్రాం ఏ తరగతి దాకా వచ్చిందో తెర మీద చూపించేది. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా కరెంటు పోయేది. మధ్యలో దాచుకునే వీలు లేదు. మర్నాడు మళ్ళీ ఆరో తరగతి దగ్గర్నుంచి. మళ్ళీ తొమ్మిదిలో ఉండగా తెర ఆరిపోయేది. మా అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి, "ఏమ్మాయ్, నీ పిల్లలు ఈ రోజన్నా పదో తరగతికి ఎక్కుతారా, మళ్ళీ తప్పుతారా?" అని అడిగేవారు.

ఒకరోజు మీ తాతయ్య డ్యూటీకి వెళ్ళబోతూ, చెక్కపెట్టె మూత తీసి ఆ బోర్డు వైపే చూస్తూ నిలబడిపోయారు.

"ఏమే, కరెంటుని మనం పొడిగించలేం. మిషన్ని ఉరికిస్తే?"

"అది ఎద్దా ఏంటండీ, ములుగర్రతో పొడవడానికి?"

"ఎద్దే అనుకో. ఇదిగో, ఇది చూడు." బోర్డు మీద మెరిసే చిన్న రేకు డబ్బీలాంటి ముక్కని చూపించారు. దాన్ని క్రిస్టల్ అంటారు. పాటకి వేసినట్టు మిషనుకి తాళం వేసేది అదే. ఆ తాళానికి తగ్గట్టే మిగతావన్నీ అడుగులేస్తాయి. దాని మీద రెండున్నర అని అంకె ఉంది. "దీన్ని పీకి నాలుగు పెడితే?"

"తట్టుకుంటుందా?"

"ఏమో. చేసినోళ్ళు రెండున్నర చాలన్నారు. వాళ్ళు మన కరెంటు సంగతి చూడలా."

సెంటర్లో రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే భాయ్ మా ఎదురింట్లో ఉండేవాడు. సామాన్ల కోసం తరచుగా బెజవాడ వెళ్ళొచ్చేవాడు. నాలుగు అంకె ఉన్న క్రిస్టల్ తెచ్చిపెట్టమని చెబితే తెచ్చాడు. బిగించేటప్పుడు తను కూడా ఉండాలని పట్టుబట్టాడు.

"అన్నా, పాతది పారెయ్యబాక. ఇది ఎగిరిపోతే వదిన నన్ను సందులోకి రానియ్యదు."

"నువ్వు తెచ్చిన సరుకు మంచిదేనా భాయ్?"

"సరుకు మంచిదే. నీ చెయ్యి సంగతే నాకు తెలవదు. మొన్న మా రేడియోకి నువ్వు సీసం పెడితే, అందులో వార్తలు చదివేటాయనకి జలుబు చేసింది."

మీ తాతయ్య సోల్డరింగ్ తుపాకీ పక్కన పెట్టి మరీ నవ్వారు. మీ అమ్మ నా ఒళ్ళో ఉంది. పాతది పీకి కొత్తది పెట్టారు. స్విచ్ వేశారు. టీవీ తెర నిండా పిచ్చి అక్షరాలు, గీతలు, గళ్ళు. ఎండిన మిరపగింజలు చాట నిండా పోసినట్టు.

"పోయింది," అన్నాను నేను.

"ఉండవే," అన్నారు మీ తాతయ్య. చాలాసేపు ఆలోచించి తేల్చారు. ప్రాసెసర్ అయితే ఉరుకుతోంది. జ్ఞాపకం పెట్టుకునే చిప్పులు అంత వేగంగా అందివ్వలేకపోతున్నాయి. ఇది అడిగేసరికి అది ఇంకా వెతుక్కుంటోంది. అది ఇచ్చేసరికి ఇది వేరేది తీసుకుంటోంది. ఆ మెమరీ చిప్పుల మీద చివర్న ఒక అంకె ఉంటుంది. అది ఎంత తక్కువైతే చిప్పు అంత చురుకు. మావి మందకొడివి. భాయ్ మళ్ళీ బెజవాడ వెళ్ళి, చిన్న అంకె ఉన్నవి ఒక వరస వెతికి తెచ్చాడు. కొన్నిటి మీద అంకెలు గీకేసి ఉన్నాయి, కొన్ని అప్పటికే ఎక్కడో వాడి తీసినవి.

"పాతవేగా భాయ్ ఇవి?"

"పాతవే అన్నా. పాతవి ఎండకి అలవాటు పడ్డయ్. కొత్తవైతే భయపడతయ్."

అవి పెట్టాక అక్షరాలు నిలబడ్డాయి. తెర మీద చిన్న గీత టపటపా ఆరిపోతూ వెలుగుతూ, ఎప్పటికన్నా తొందరగా. అది చూసి ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఇలాంటి పని చెయ్యొచ్చని మాకెవరూ చెప్పలేదు. పుస్తకంలో లేదు. తెగించి చేశాం, నడిచింది. ఆ సంతోషం ఎలా ఉంటుందో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆ తర్వాత క్యాసెట్టు పెట్టి ప్రోగ్రాం ఎక్కించబోతే ఎక్కదు. మళ్ళీ పెట్టాం. ఎక్కదు. టేపు తుడిచాం. భాయ్ టేపురికార్డరు విప్పి మళ్ళీ బిగించాడు. ఎక్కలేదు. ఇది మేం అసలు ఊహించని సంగతి. క్యాసెట్టులో చప్పుడు ఎంతసేపుందో మిషను తన తాళంతోనే కొలుస్తుంది. తాళం వేగం పెరిగింది గనుక పాత చప్పుళ్ళన్నీ దానికి సాగదీసినట్టు వినిపిస్తున్నాయి. తను నిదానంగా ఉన్నప్పుడు దాచుకున్నదాన్ని తనే గుర్తుపట్టలేకపోతోంది. ఉరకడం మొదలుపెట్టిన మిషనుకి పాత మాటలు అర్థం కావు.

ఇక దారేముంది, పెన్సిల్ కాగితాలు ముందు పెట్టుకుని మొత్తం మళ్ళీ టైపు చెయ్యాలి. బడి తెరిచే రోజు దగ్గరపడింది. మర్నాడు తెల్లవారి కరెంటు రాగానే నాపరాయి నేల మీద కూర్చున్నాను. మీ అమ్మకి ఒక పక్క పాలిస్తూ ఇంకో చేత్తో టైపు చేశాను. అది కాలు తన్నేది. ఒకటి రెండుసార్లు తెర మీద ఏవో అక్షరాలు పడితే చెరిపేశాను. కాగితంలో కొట్టివేతలు, బాణాలు, పక్కన ఇరికించిన వరసలు. ఎండ అప్పుడే కిటికీలోంచి నేల మీదికి వచ్చేసింది.

టైపు అయ్యాక, క్యాసెట్టులో దాచుకుంటూ కూర్చుంటే కరెంటు పోయే వేళవుతుందని నేరుగా నడిపించాను. అసలు ఇబ్బంది అప్పుడు ఎదురైంది. ప్రోగ్రాం మొదలుపెట్టిన కాసేపటికే మిషను బిగుసుకుపోయింది. చెయ్యి పెట్టి చూస్తే ప్రాసెసరు చిప్పు పెనంలా కాలుతోంది. రీసెట్ బటన్ నొక్కాం. అదృష్టం, టైపు చేసింది పోలేదు. మీ తాతయ్య పాత అల్యూమినియం గిన్నె మూతలోంచి ముక్క కత్తిరించి దాని మీద అతికించారు. కరెంటు తియ్యకుండానే, వైర్లు ఊడకుండా పెట్టెలోంచి బోర్డు మొత్తం బయటికి తీశాం. మన నాపరాయి సంగతి మీకు తెలుసుగా, ఎండాకాలం మధ్యాహ్నాలు దాని మీద చాప కూడా లేకుండా పడుకుంటాం. నేల తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో చెమ్మ తీసి, పిల్లలు రాసుకునే పలక వేసి దాని మీద బోర్డు పెట్టాం. కిటికీకి తడి గోతం వేలాడదీశాం. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫానూ తీసుకొచ్చి గోతానికీ బోర్డుకీ మధ్య పెట్టాం.

అప్పుడు మా అత్తగారు గది గుమ్మంలోకి వచ్చారు.

"ఒరేయ్, ఏందిరా ఇది? పసిదానికి ఒళ్ళంతా చెమటకాయలు లేచినయ్. ఫాను తీసుకొచ్చి రేకుముక్కలకి పెట్టారా?"

"ఈ ఒక్క పూటకే అమ్మా."

"దానికి ఉక్కపోస్తే నోరు తెరిచి చెప్పుద్దా? పిల్ల చెప్పుద్ది, ఇను." నిజంగానే మీ అమ్మ గుక్కపట్టి ఏడుస్తోంది.

నాకు అప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? పిల్ల కోసం చేస్తున్న పనికి పిల్ల గాలే తీసేశాను. ఫాను పిల్ల వైపు తిప్పుదామని చెయ్యి చాపాను. మా అత్తగారే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండనియ్యిలే. మొదలుపెట్టావుగా," అని విసనకర్ర తీసుకుని పిల్ల పక్కన కూర్చున్నారు. ఆ పూటంతా ఆ మనిషి విసురుతూనే ఉన్నారు. అటు ఫాను, ఇటు విసనకర్ర. మధ్యలో నేను.

మళ్ళీ మొదలుపెట్టిన ప్రోగ్రాంలో తరగతులు మారుతున్నాయి. ఆరు, ఏడు, మళ్ళీ ఆరు, ఏడు, ఎనిమిది. ఎప్పటికన్నా తొందరగా తొమ్మిదికి వచ్చింది. మీ తాతయ్య ఆ రోజు సెలవు పెట్టారు. గోతం ఆరిపోగానే చెంబుతో నీళ్ళు చల్లుతున్నారు, బోర్డు మీద చుక్క పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి. చిప్పుల మీద నేను చేతివేళ్ళ వెనక వైపు ఆనించి చూసేదాన్ని, మీ అమ్మకి జ్వరం ఉందేమోనని చూసినట్టు. ఒక మెమరీ చిప్పు మిగతావాటికన్నా బాగా వేడెక్కింది. అంకె గీకేసిన వాటిల్లో అదొకటి. ఏం చెయ్యాలో తెలియక దాని వైపే ఫాను కొంచెం వంచాం.

పది వచ్చింది. పది నుంచి తొమ్మిదికి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ పది. గోడ గడియారం చూస్తే కరెంటు పోయే వేళ దగ్గరికొచ్చింది. అప్పుడు తెర మొత్తం తుడుచుకుపోయి వరసలు రావడం మొదలైంది. సోమవారం, ఆరో తరగతి, ఒకటో పిరియడ్...

"వచ్చిందే!" మీ తాతయ్య అరిచారు.

రెండు పనులు చెయ్యాలి. తెర మీద వచ్చింది కాగితం మీదికి ఎక్కించుకోవాలి. టైపు చేసిన ప్రోగ్రాంని క్యాసెట్టులో దాచుకోవాలి. క్యాసెట్టుకి చాలాసేపు పడుతుంది. "ముందు రాసెయ్యి, టేపు తర్వాత," అన్నారాయన. ఆయన చదువుతుంటే నేను గబగబా రాశాను. ఆఖరి గడి రాసి, రెండోసారి సరిచూసుకుని, పెన్సిల్ కింద పెట్టాను. ఆయన క్యాసెట్టు చేతిలోకి తీసుకున్నారు. కరెంటు పోయింది. ఫాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. ప్రోగ్రాం పోయింది. ఫర్వాలేదనుకున్నాం. దాంతో ఇంకేం పని?

ఎండ తగ్గాక కాగితం తీసుకుని పెద్ద మేడం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దాన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చదివింది. స్టాఫ్ రూముకి తీసుకెళ్ళి, నేల మీద తన ముక్కలన్నీ అరచేత్తో ఒక మూలకి తోసేసి, నా కాగితం చూస్తూ మొదట్నుంచి పేర్చడం మొదలుపెట్టింది. నన్ను గుమ్మం బయటే నిలబెట్టింది. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ప్రతి మూడో పిరియడ్‌లో నా ఆకుపచ్చ లేని గడి. సైన్సు రూములో ఇద్దరు కలుస్తారేమోనని వెతికింది. హిందీ పండితులు మధ్యాహ్నం పూట పడ్డారేమోనని వెతికింది. ఒక్కో నిలువు వరసా వేలితో తడుముకుంటూ వచ్చింది. చాలాసేపటికి గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఎవరు ఏశారిది?"

"మిషను మేడం. ఇంట్లో ఉంది."

"దానికి నీ పిల్ల సంగతి తెలుసా?"

"చెప్పాను మేడం. మూడో పిరియడ్ ఖాళీ ఉండాలని ఒక వరస రాశాను."

"నేను నాలుగేళ్ళ నుంచి ఇదే నేల మీద దేకుతున్నా. ఇట్టా పేర్చొచ్చని నాకు తట్టలా." నన్ను లోపలికి పిలిచి, లేవడానికి నా చెయ్యి అందుకుంది. "సంతకం పెడతా. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే ఎల్లు. నాలుగో బెల్లుకి మాత్రం క్లాసులో ఉండాలి."

ఉన్నాను. ఏడాదంతా, నాలుగో బెల్లు కొట్టేసరికి, పైట సర్దుకుంటూ, చెమట తుడుచుకుంటూ, క్లాసులో ఉన్నాను. మీ అమ్మకి నా అడుగుల చప్పుడు తెలిసిపోయేది. సందు మొదట్లో ఉండగానే ఏడుపు ఆపేదని మా అత్తగారు చెప్పేవారు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. వానలు పడ్డాక కరెంటు కాస్త నిలకడగా ఉంటోంది. మిషను మాత్రం ఊరికే బిగుసుకుపోతోంది. మీ తాతయ్య విసుగొచ్చి పాత క్రిస్టలూ, పాత చిప్పులూ తిరిగి బిగించేశారు. అది మళ్ళీ తన మామూలు నడకకి వచ్చింది. ఒక ఆదివారం ఏం తోచక, మొదట్లో దాచిన క్యాసెట్టు ఎక్కించి, ఆ టైంటేబుల్ ప్రోగ్రాంనే నడవనిచ్చాను. ఈసారి కరెంటు పోలేదు. పొద్దున మొదలైంది. మధ్యాహ్నం దాటి చాలాసేపటికి పూర్తిగా నడిచి ఆగింది. వచ్చి చూద్దును కదా, తెర మీద ఒకే ఒక్క మాట. 'కుదరదు.'

అదే మిషను వేసిచ్చిన టైంటేబుల్ ప్రకారమే మా బడి నడుస్తోంది. పెద్ద మేడం గాజుముక్కలతో సరిచూసింది. ఒక్క పిరియడ్ కూడా ఎవరికీ ఎదురు పడలేదు. మరి ఇది కుదరదంటుందేం?

అంటే కాగితం మీద నేను రాసిన ప్రోగ్రాంలో ఏదో తప్పుంది. కుదిరేదాన్ని కూడా కుదరదనే తప్పు. క్యాసెట్టులో ఉన్నది అదే. ఆ కాగితాలు చూసే కదా రెండోసారి టైపు చేశాను? క్యాసెట్టులో ఉన్నదాన్నీ కాగితాలనీ పక్కపక్కన పెట్టి వరస వరసా చూశాను. రెండూ ఒకటే. తప్పు ఎక్కడుందో నాకు దొరకలేదు. మీ తాతయ్యకీ దొరకలేదు.

భాయ్‌కి చెబితే పకపకా నవ్వాడు. "మిషనుకి వడదెబ్బ తగిలింది వదినా. ఆ మైకంలో మీ పని చేసిపెట్టింది. తెలివిలో ఉంటే చేసేది కాదు."

మా అత్తగారు మాత్రం, "నా మనవరాలు కాలితో తన్నింది. అదే సరిచేసుకుంది," అని ఊరంతా చెప్పుకొచ్చారు.

మీ తాతయ్య నవ్వలేదు. ఆయనకీ నాకూ మధ్య ఇది చాలాకాలం మాటల్లో నలిగింది. గీకేసిన అంకె ఉన్న ఆ చిప్పు, వేడికి ఏదో ఒక చోట ఒకటిని సున్నా చేసి ఉండొచ్చు, సరిగ్గా నా తప్పు ఉన్నచోటే. అలా జరగడం ఎంత అరుదో లెక్కల టీచర్ని నాకు తెలుసు. లేదా, పిల్లకి పాలిస్తూ ఒంటిచేత్తో టైపు చేసేటప్పుడు, కాగితంలో ఉన్నదాన్ని నాకు తెలియకుండా నా చెయ్యే దిద్ది ఉండొచ్చు. తేల్చుకోవాలంటే ఆ పొద్దున టైపు చేసిన ప్రోగ్రాం కావాలి. అది కరెంటుతో పాటే పోయింది. కాగితాలు కొన్నాళ్ళు బీరువాలో ఉన్నాయి, తర్వాత చెదలు పట్టాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ ఎండాకాలం కరెంటు కోతే లేకపోయుంటే, మేం ఆ మిషను జోలికి వెళ్ళేవాళ్ళమే కాదు. అది తన మామూలు నడకతో, ఏ వేడీ తగలకుండా, నిదానంగా అన్ని దారులూ వెతికి 'కుదరదు' అని చెప్పేది. నేను నమ్మేదాన్ని. లెక్క మీద నాకున్న నమ్మకం అలాంటిది. మర్నాడు వెళ్ళి పెద్ద మేడంకి రాజీనామా ఇచ్చేదాన్ని. ఆ తర్వాత నేను చెప్పిన లెక్కలు, నా దగ్గర చదివిన ఆడపిల్లలు, రిటైరయ్యేదాకా తిరిగిన ఆ సందు, ఇవేవీ ఉండేవి కావు.

ఇప్పుడు నీ కంప్యూటర్ వేడెక్కుతోందని నువ్వు దిగులుపడుతుంటే నాకు ఇదంతా గుర్తొచ్చింది. నీకు నాకన్నా బాగా తెలుసు గనుక అడుగుతున్నాను. మీ తాతయ్యకి కూడా ఈ సంగతి తేలకుండానే పోయింది. ఆ పొద్దున మమ్మల్ని గట్టెక్కించింది వేడికి పుట్టిన పొరపాటా, నా చెయ్యి తనంతట తాను చేసిన దిద్దుబాటా?